ఎనిమిదో పూస

జూన్ 29, ఆదివారం

ఒరే కజ్జికాయా,

చర్చి పుస్తకంలో నీ పేరు దావీదురాజు. పుట్టినప్పుడు ఆ బుగ్గలు చూసి నేను పెట్టుకున్న పేరు మాత్రం ఇదే. మీసాలొచ్చి, పెళ్లయ్యాక కూడా నేనలా పిలిస్తే స్తుతి ముందర సిగ్గుతో చచ్చేవాడివి. చచ్చేవాడివి అని రాశాను చూడు. నా నోటికి అడ్డు లేదు, చేతికీ లేదు.

నువ్వు తెచ్చిన డైరీలోనే రాస్తున్నాను. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చారని, ఆదివారం చెప్పే వాక్యం రాసుకోమని తెచ్చిచ్చావు. ఒక్క వాక్యం కూడా రాసుకోలేదు. మన సంఘపెద్ద యేసుప్రసాద్ మైకు పట్టుకుని చెప్పేదంతా రాసుకోవాలంటే డైరీ చాలదు, సిమెంటు బస్తాలు కావాలి. డైరీ పోయిన ఏడాదిది. తేదీలకూ వారాలకూ పొత్తు కుదరదు. అందుకని అచ్చేసిన తేదీని ఎర్రపెన్నుతో కొట్టేసి, పైన నాది రాసుకుంటున్నాను. నువ్వు ఉన్న ఏడాది కాగితాల మీద నువ్వు లేని ఏడాది. అయిదో తరగతితో బడి మానేసినదానికి ఇంతకంటే మంచి పుస్తకం ఎవరిస్తారు.

మూడు నెలల నుంచి వీపు మధ్యలో నొప్పి. ఒకే చోట. వేలు పెట్టి చూపించగలను. దానికి ఊరంతా డాక్టర్లే. బడిలో పెద్దసారు, అన్నం డేగిసా ఎత్తి దించడం వల్లనే అన్నాడు. ఇంజెక్షన్ల ఆంజనేయ, గ్యాసు అన్నాడు. గ్యాసు వీపులో ఎట్లా దూరిందయ్యా అంటే, నీ వయసుకు దూరుతుంది అన్నాడు. యేసుప్రసాద్, కొడుకు దుఃఖం ఎముకల్లోకి దిగింది అన్నాడు. పక్కింటి చాంద్ బేగం గోడ మీద చేతులానించి, "నువ్వు తినవు వదినా. తిననోళ్లకు ఎముకలు ఊరికే ఉంటాయా, అరుస్తాయి" అంది.

స్తుతి ఒక్కతే జబ్బుకు పేరు పెట్టలేదు. "అత్తా, స్కానింగు తీయిద్దాం" అని తలుపు దగ్గర చెప్పి, ఎర్రగుంట్లలో తను పనిచేసే మందుల షాపుకు వెళ్లిపోయింది.

అందరూ తిన్నావా అని అడుగుతారు. బడిలో అరవై మంది పిల్లలకు రోజూ వండి పెట్టే మనిషిని అడిగే మాటేనా అది?

జూలై 2, బుధవారం

ప్రొద్దుటూరులో స్కానింగు అయింది. ఒక గొట్టంలోకి తోసి కదలొద్దన్నారు. లోపల మోత అంతా ఇంతా కాదు. నువ్వు చెప్పేవాడివే, ఫ్యాక్టరీలో రాళ్లు పిండిచేసే మిషను కింద నిలబడితే పళ్లు కదులుతాయని. అదే మోత. నీ పక్కన పనిలో ఉన్నట్టు అనిపించి కళ్లు మూసుకున్నాను. అయిపోయింది లేమ్మా అంటే లేవబుద్ధి కాలేదు.

అక్కడి డాక్టరు ఫిల్ము వెలుగులో పెట్టి చూశాడు. వీపులో ఎనిమిదో పూస ఉబ్బిందట. లోపల ఏదో పెరుగుతున్నదట. "మంచిదో చెడ్డదో ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుందమ్మా. కర్నూలు పెద్ద డాక్టర్ల దగ్గరకు పోండి. ఆలస్యం చేయొద్దు" అన్నాడు.

ఆయన మొహం ముడుచుకుంది. ఆ ముడత చూసి నాకు ఎంత హాయిగా ఉందో నీకు చెప్తున్నాను, ఇంకెవరికీ చెప్పను. బస్సులో కిటికీ దగ్గర కూర్చుని ఒక పాట కూడా సన్నగా పాడుకున్నాను. స్తుతి నా వైపు చూసింది. ఆపేశాను.

జూలై 6, ఆదివారం

యేసుప్రసాద్‌కు స్కానింగు సంగతి ఎవరు చెప్పారో తెలియదు. ఆరాధన మధ్యలో మైకు అందుకున్నాడు.

"ప్రియులారా! మన సహోదరి ఏసుమణమ్మ ఎన్నెముకలో క్యాన్సర్ అనే సాతాను గూడు కట్టుకున్యాది!"

అందరూ నా వీపు వైపు తిరిగారు. అక్కడ నిజంగా గూడు కనిపిస్తుందేమో అన్నట్టు.

ముగిశాక వెళ్లి, "సార్, డాక్టరు అట్ల చెప్పలేదు. మంచిదో చెడ్డదో తెలీదన్యాడు" అన్నాను.

"ఏసుమణమ్మా, విశ్వాసం ఉండేవాళ్లు చెడ్డదే అనుకోని ప్రార్థన చేయల్ల. చిన్న జబ్బు పెట్టుకోని అంత పెద్ద దేవుని ముందరికి పోతే ఆయనకు మర్యాద ఉంటాదా?"

ఆయన ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో లారీల కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. తూకం తక్కువుంటే ఆయనకు నచ్చదు.

రేపటి నుంచి ఇరవై ఒక్క రోజుల గొలుసు ఉపవాసం. రోజుకో ఇల్లు. మనవాళ్లవి పంతొమ్మిది ఇళ్లే కదా, మిగిలిన రెండు రోజుల్లో ఒకటి ఆయనకు, ఒకటి నాకు రాశాడు. గొలుసు ముగిసేదాకా కర్నూలు మాటెత్తకూడదు. కత్తి తాకకముందే దేవుడు తాకాలి అన్నాడు.

నేను లేచి, ఒక రోజు కాదు, ఇరవై ఒక్క రోజులూ నేను ఉపవాసం ఉంటాను అన్నాను. ఆహా అన్నారు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. మెచ్చుకోవడానికేముంది? అక్టోబరు నుంచి చేస్తున్న పనే, ఇప్పుడు దానికి ఒక పేరొచ్చింది.

స్తుతి చెప్పులు వేసుకుని ముందే ఇంటికి వెళ్లిపోయింది.

జూలై 9, బుధవారం

ఈరోజు గొలుసు లాజరు ఇంటివాళ్లది. మధ్యాహ్నం మూడింటికి మన ఇంటికి వచ్చారు, ప్రార్థన చేశారు, ఉపవాసం ముగించారు, మన ఇంట్లోనే తిన్నారు. ఉపవాసం వాళ్లది, వంట నాది. పొద్దున ఆరింటికి ఎనిమిది ఇడ్లీలు తిని ఉపవాసం మొదలుపెట్టాడని లాజరు పెళ్లామే చెప్పింది. బైబిల్లో లాజరు చచ్చి కూడా లేచాడు. మన లాజరు తిన్నాక లేవలేకపోయాడు, ఇద్దరు పట్టి లేపారు.

వాళ్లు పోయాక చాంద్ బేగం గోడ దగ్గరికి వచ్చింది.

"వదినా, నువ్వు తిన్యావా?"

"ఉపవాసం."

"మాలో జబ్బు మనిషికి రోజా మాఫీ. ముందు బాగుపడు, తర్వాత ఉందువులే అని దేవుడే చెప్పినాడు. మీ దేవుడు మరీ అంత గట్టోడా? మీ యేసుప్రసాద్ సారు కన్నా గట్టోడా?"

నవ్వొచ్చింది. నవ్వితే ఎనిమిదో పూస కలుక్కుమంది. అది కూడా సంఘంలో సభ్యురాలే అనుకుంటా, నవ్వితే ఒప్పుకోదు.

జూలై 11, శుక్రవారం

తిన్నాను.

జూలై 12, శనివారం

వంగి కోడిగుడ్లు వలుస్తుంటే వీపు నుంచి ముందుకు, చుట్టూ తాడు కట్టి బిగించినట్టుంది. పిల్లలు వరసలో కూర్చుని పళ్లేలు మోగిస్తున్నారు. ఒక పిల్లకు పప్పు తక్కువైందట. ఇంకో గరిటె వేశాను. ఇంకా అంది. ఇంకా వేశాను. అది తింటుంటే చూస్తూ నిలబడ్డాను. ఆకలి ఎంత పెద్ద గొంతుతో అడుగుతుందో.

ఇంకేమీ రాయను.

జూలై 14, సోమవారం

ఈరోజు బడి నుంచి ఇంటికి ఒక చెప్పుతో వచ్చాను. ఎడమకాలిది ఎక్కడ ఊడిందో తెలియలేదు. గడప దగ్గర కిందికి చూస్తే, అరికాలికి ముళ్లు కూడా దిగి ఉన్నాయి. నొప్పి తెలియలేదు. కాలు ఉంది, కబురు రావడం లేదు. మన ఊళ్లో ఫోను సిగ్నలు మాదిరి.

యేసుప్రసాద్‌కు చెప్తే, "కాలు మొద్దుబారిందంటే సాతాను కిందికి దిగతాండాడు. దిగి దిగి బయటికి పోతాడు" అన్నాడు.

చెప్పు చాంద్ బేగం భర్త పీర్ బాషాకు దొరికింది. ఆటో ఆపి తెచ్చిచ్చాడు. "అక్కా, చెప్పు పోయింది నాకు దొరికింది. కాలు పోతే యాడ ఎతకల్ల?" అన్నాడు. ఆయన అది తమాషాకు అనలేదు.

జూలై 16, బుధవారం

స్తుతి షాపు నుంచి తొందరగా వచ్చింది. చెప్పు సంగతి పీర్ బాషా చెప్పాడట. బ్యాగు కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"అత్తా, రేపు పొద్దున కర్నూలు పోతాండాం."

"గొలుసు ఇంకా పదకొండు రోజులుండాది. ముగియనీ."

స్తుతి నన్ను చూసింది. తొమ్మిది నెలలుగా ఆ చూపు కోసమే ఎదురుచూస్తున్నాను. వస్తుందని తెలుసు.

"అప్పుడు కూడా మూడు రోజులు ముగియనీ అన్యావు."

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఇద్దరం వాటినే చూశాం.

"నన్ను తిట్టు" అన్నాను. "అప్పుడే తిట్టింటే బాగుండు. తొమ్మిది నెలలు అన్నం పెట్టి, బట్టలు ఉతికి, అత్తా అత్తా అంటావుంటే నేనేం చేయల్ల?"

"నువ్వెందుకు పోవు అంటాండావో నాకు తెలుసు. స్కానింగు డాక్టరు మొహం మాడిస్తే నువ్వు పాట పాడినావు. నాకు ఇనిపించింది." అప్పుడు బ్యాగు కింద పెట్టింది. "నువ్వూ పోతే నేను ఎవరి మింద కోప్పడల్ల? నాకు తిట్టుకునేకి ఒక మనిషి మిగిలిండాది, అది నువ్వు. కాళ్లు పడిపోయిన మనిషిని తిడితే పాపం తగులుతాది. ముందు బాగుకా. తర్వాత తిడతా, శానా ఉండాది."

ఇట్లాంటి ప్రేమ మాటలు ఏ చర్చిలోనూ వినలేదు.

అందుకని ఆ మూడు రోజుల సంగతి ఈరోజు రాస్తాను. ఇన్నాళ్లూ దాని పక్కనుంచి నడిచిపోతున్నాను, కుక్క పడుకున్న గడప పక్కనుంచి పోయినట్టు.

అక్టోబరులో, వానలు వెలిసిన వారం, ఫ్యాక్టరీ నుంచి ఒళ్లు కాలుతూ వచ్చావు. తలమీద సిమెంటు దుమ్ము కూడా దులుపుకోలేదు. స్తుతి రక్తపరీక్ష చేయిద్దాం అంది. ఊళ్లో డెంగీ ఉంది అంది. అప్పుడే యేసుప్రసాద్ వచ్చాడు. మూడు దినాలు ఇంటిల్లిపాదీ ఉపవాసం పట్టండి, జబ్బు మనిషి కూడా పడితే దేవుడు త్వరగా వింటాడు అన్నాడు. బయటి మందు జోలికి పోతే విశ్వాసం పలచబడుతుంది అన్నాడు. అందరూ ఆయన్ను అంటారు. చాంద్ బేగం ఆయన్ను తిట్టని తిట్టు లేదు. కానీ ఆయన చెప్పాడంతే. సరే అన్నది నేను. అమ్మ మాటని నువ్వు విన్నావు. అత్త మాటని స్తుతి విన్నది. నేనొకదాన్ని వద్దంటే అయిపోయేది.

మూడోరోజు సాయంత్రం నీ చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. అప్పుడు పీర్ బాషా ఆటో. నీ తల నా ఒళ్లో. రోడ్డు పక్క రాయి మీద కడప 4 అని ఉంది. ఆ నాలుగు కిలోమీటర్లు నువ్వు ఆగలేదు.

నీ పక్కన ఆ మూడోరోజు మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఉన్నాను. స్తుతి షాపుకు వెళ్లింది. నువ్వొకటి అడిగావు.

అది రాయను.

జూలై 17, గురువారం

పొద్దున పీర్ బాషా ఆటో తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఎక్కుతుంటే యేసుప్రసాద్ పరుగున వచ్చాడు.

"ఏసుమణమ్మా, గొలుసు తెంపుతాండావు! పదకొండో దినం! సగంలో తెంపితే అందరి ఉపవాసం వృథా అయిపోతాది!"

"గొలుసు తెగితే అతికించుకుందాంలే సారూ. ఎన్నుపూస బజార్లో అమ్మరు" అని పీర్ బాషా బండి స్టార్టు చేశాడు.

"అయితే ఈ దినం ఎవరిది? ఈ దినం ఉపవాసం ఎవరుండల్ల?" అని వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

ఎర్రగుంట్లలో బస్సెక్కాం. నంద్యాల దాటాక స్తుతి అన్నం డబ్బా తీసింది. ఒక ముద్ద నా ముందర పెట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తింటున్నానా లేదా అని చూడలేదు. చూసి ఉంటే తినేదాన్ని కాదు.

జూలై 19, శనివారం. కర్నూలు

డాక్టరమ్మ పేరు శిరీన్. కర్నూలు పిల్లే. నీ వయసే ఉంటుంది. నా అరికాలు మీద తాళంచెవితో గీసింది. "తెలుస్తోందా?" అంటే, "ఏం మేడం?" అన్నాను. మొహం ముడుచుకుంది. ఈసారి నాకు హాయిగా అనిపించలేదు. ఎందుకో తెలియదు. పక్కన స్తుతి నిలబడి ఉండడం వల్లనేమో.

"ఎన్ని రోజులైంది కాలు ఇట్లా?"

"అయిదారు దినాలు."

"ఇంకో వారం పది రోజులు ఆగుంటే మీరు నడిచొచ్చేవాళ్లు కాదు, మోసుకొచ్చేవాళ్లు."

ఇంకో పది రోజులు. గొలుసు సరిగ్గా అప్పటికే ముగిసేది. యేసుప్రసాద్ లెక్క ఎప్పుడూ తప్పదు.

వీపులో సూది లాంటిది దించి ముక్క తీశారు. ఫలితం రావడానికి వారం పడుతుందట.

జూలై 26, శనివారం

క్యాన్సర్ కాదు.

వరండాలో ఈ మాట విన్నవాళ్లు సంతోషంతో ఏడుస్తారట. నేను అడిగాను: "గట్టిగా చెప్తాండారా మేడం? ఇంకోసారి చూడండి." డాక్టరమ్మ నవ్వి, "అందరూ ఇట్లాగే అడుగుతారమ్మా, సంతోషం నమ్మలేక" అంది. ఆమెకు అర్థం కాలేదు. స్తుతికి అర్థమైంది. నా చేతిని గట్టిగా గిల్లింది.

కాగితం మీద పూస బొమ్మ గీసి చూపించింది డాక్టరమ్మ. ఎముక లోపల రక్తం నిండిన తిత్తి. గదులు గదులుగా, తేనెపట్టులా. మంచి తిత్తేనట. చంపదు, ఒళ్లంతా పాకదు. కానీ పెరిగి పెరిగి పూసను పలచగా చేసి, పక్కనున్న నరాల తాడును నొక్కుతుంది. మంచివాళ్లు చేసే పని అదే కదా, చంపరు, నొక్కుతారు. దాని పేరు అడిగితే రాసిచ్చింది. అన్యూరిస్మల్ బోన్ సిస్ట్. రైలంత పొడుగు. మన ఎర్రగుంట్ల స్టేషన్లో ఆగితే చివరి పెట్టెలు ప్లాట్‌ఫారం బయటే ఉండిపోతాయి.

"ఒక విచిత్రం ఉందమ్మా" అంది. "ఇది ఎక్కువగా పిల్లల్లో వస్తుంది. ఇరవై ఏళ్ల లోపు. నలభై తొమ్మిదేళ్ల వాళ్లకు వెన్నుపూసలో రావడం నేను చూడ్డం ఇదే మొదలు."

పిల్లల జబ్బు. ఒరే, నీకు రావలసింది ఇరవై ఏళ్లు దోవ తప్పి తిరిగి నా దగ్గరికొచ్చిందా? జ్వరం మాత్రం దోవ తప్పలేదు. సరిగ్గా ఇల్లు కనుక్కుని వచ్చింది.

ఆపరేషను చేయాలి. వద్దంటే కాళ్లు పోతాయి, ప్రాణం పోదు. అంటే నేను చావను, మంచంలో ఉంటాను, స్తుతి నాకు చేస్తుంది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. నేను చావు కోసం బేరం పెడితే దేవుడు ఇంతటి మోసపు సరుకు చూపించాడు.

కాగితం మీద సంతకం పెట్టాను.

జూలై 27, ఆదివారం

యేసుప్రసాద్ ఫోను. వెనకాల డప్పులు, పాటలు. స్తుతి అందరికీ వినిపించేలా పెట్టింది.

"హల్లెలూయా! స్తుతీ, ఇన్నాం! క్యాన్సర్ పారిపోయింది! గొలుసు ముగియకముందే, సరిగ్గా ఇరవయ్యో దినాన!"

"పారిపోలేదు సార్, రాలేదు" అంది స్తుతి.

"అదేమ్మా, రాకుండానే పారిపోయింది!"

లారీ ఎవరిదైనా, సరుకు ఎవరిదైనా, కాటా చీటీ మీద సంతకం ఆయనదే. అలవాటు.

జూలై 29, మంగళవారం

రేపు ఆపరేషను. ఈరోజు తొడలోంచి సన్నని తీగ పంపి తిత్తికి రక్తం పోయే దారి మూశారు. రేపు తిత్తి గీకేసి, తుంటి ఎముక ముక్క అక్కడ పెట్టి, మరలు బిగిస్తారు. ఇనుము. పోయేటప్పుడు కాటా వేస్తే తూకం ఎక్కువ వస్తాను.

కజ్జికాయా, భయంగా ఉంది. చావుకు కాదు. మళ్లీ కళ్లు తెరిచాక ఏం చేయాలో తెలియక.

ఆగస్టు 24, ఆదివారం

ఇంట్లో. నడుముకు పెద్ద బెల్టు. ఇంటెనక దాకా నడుస్తున్నాను. ఎడమ అరికాలికి కబుర్లు వస్తున్నాయి. రాయి తగిలితే రాయి అని చెబుతోంది.

ఈ పేజీ మీద తేదీ ముందే కొట్టేసి ఉంది. నీలిపెన్నుతో. దీని తర్వాత కూడా చాలా పేజీలు అట్లాగే కొట్టేసి, పైన చోటు వదిలి ఉన్నాయి. ఆసుపత్రిలో మత్తులో నేనే కొట్టేసుకున్నానేమో.

సెప్టెంబరు 4, గురువారం

యేసుప్రసాద్ వచ్చాడు. కుర్చీ వేశాను.

"ఆదివారం పాస్టరయ్యగారు వస్తాండారు. నువ్వు సాక్ష్యం చెప్పల్ల. 'క్యాన్సర్ ఉండె, గొలుసు ఉపవాసంతో పోయె.' అంతే, రెండు మాటలు. చుట్టు ఊర్ల నుంచి గూడా పిలిచినా."

"ఉండలేదు గద సార్."

"ఉండలేదని నీకెట్ల తెలుసు? గొలుసుకు ముందర ముక్క తీసి చూసినారా? పది దినాలు పోయినాంక గదా తీసినారు! అప్పటికే దేవుడు మార్చేసింటే?"

ఈ లెక్క డాక్టరమ్మకు కూడా తేలదు.

"సరే సార్, చెప్తా" అన్నాను.

స్తుతి లోపల గిన్నె గట్టిగా కింద పెట్టింది.

సెప్టెంబరు 7, ఆదివారం

ఎట్లా జరిగిందో అట్లాగే రాస్తాను.

చర్చి నిండింది. అయ్యగారికి ఎనిమిది ఊళ్లు, నెలకొకసారి మన వంతు. పాపం చిన్నవాడు. యేసుప్రసాద్ మైకు నా నోటి దగ్గర పట్టుకున్నాడు. నా చేతికి ఇవ్వలేదు.

"నాకు క్యాన్సర్ రాలేదు" అన్నాను. "ఎన్నెముకలో రక్తం తిత్తి వచ్చింది. పిల్లలకొచ్చే జబ్బంట. కర్నూలు డాక్టరమ్మ తీసేసింది. ఇంకో పది దినాలు ఆగింటే కాళ్లు పోయేవి. గొలుసు ముగిసేదాకా ఆగుదామని నేనే అన్యా. నా కోడలు ఆగనీలేదు."

"అంటే దేవుడు కోడలి ద్వారా..." అని ఆయన అందుకోబోయాడు.

"ఇంకా ఉండాది సార్. నా కొడుకు సంగతి."

మైకు ఆగిపోయింది. ఆయన వేలు మీటమీదే ఉంది. అరవై మంది పిల్లలను అన్నానికి పిలిచే గొంతు నాది. నాకు మైకెందుకు?

"జ్వరంతో పడుకున్యోనికి కూడా మూడు దినాలు ఉపవాసం పెట్టించినా. చెప్పింది పెద్దాయన, చేసింది నేను. మూడోనాడు మధ్యాహ్నం, 'అమ్మా, ఇంత మజ్జిగన్నం పెట్టు' అన్యాడు. సాయంత్రం ముగుస్తాది నాయనా, అప్పుడు పెడ్తా అన్యా. రెండోసారి అడిగినాడు. మజ్జిగ అడుగు దూరంలోనే ఉండె. పెట్టలేదు. మీ పిల్లోళ్లందరికీ రోజూ వడ్డించే చేయి ఇది. వానికి ఆ సాయంత్రం రాలేదు."

నడుము బెల్టు సర్దుకుని మళ్లీ గొంతెత్తాను.

"ఇంట్లో ఎవరికన్నా జ్వరమొస్తే ముందు ఇంత తినిపీండి. ఆసుపత్రికి తీసుకోని పోండి. ప్రార్థన బస్సులో చేసుకోండి. దేవునికి బస్సెక్కేకి వస్తాది."

నిలబడలేకపోయాను. అయ్యగారు లేచి తన కుర్చీ తెచ్చి నాకు వేశారు. యేసుప్రసాద్ మైకు వైరు చుట్టుకుంటూ నిలబడ్డాడు. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు. మొదటిసారి ఆయన చేతులు ముసలివిగా కనిపించాయి. నాకు జాలి కలగలేదు. కలిగితే రాసేదాన్ని.

స్తుతి ఆడవాళ్ల వరుసలో కూర్చుని ఉంది. మజ్జిగన్నం సంగతి ఆమెకు తెలియదు. ఈరోజే, అందరితోపాటు విన్నది. ముందు ఆమెకొక్కదానికి చెప్పి ఉండాల్సింది. ఇది కూడా నేను తప్పు చేశాను.

సెప్టెంబరు 9, మంగళవారం

రెండు రోజులుగా స్తుతి మాట్లాడలేదు. పోనీ. తినలేదు కూడా. పొద్దున డబ్బా కట్టిస్తే సాయంత్రం అట్లాగే తెచ్చింది. చాంద్ బేగం పంపిన సేమ్యా ముట్టలేదు.

ఏం చేయాలో తెలియక ఈ డైరీ మొదటినుంచి తిరగేశాను. జూలై 11 దగ్గర ఆగిపోయాను. నేను ఎర్రపెన్నుతో రాసింది ఒక్కటే మాట. తిన్నాను. దాని కింద నీలిపెన్నుతో ఇంకొక మాట ఉంది.

అబద్ధం.

నీది కాదు. నీ అక్షరం కోళ్లు గీకినట్టుంటుంది. ఇది గుండ్రంగా, మందు చీటీల మీద స్తుతి రాసే అక్షరం. తర్వాతి పేజీల తేదీలు కొట్టేసి పెట్టింది కూడా అదే పెన్ను. నేను కర్నూలులో మత్తులో పడి ఉన్నప్పుడు, లేస్తుంది, మళ్లీ రాసుకుంటుంది అని డిసెంబరు ఆఖరిదాకా కొట్టేసి పెట్టింది. అంటే నేను పాట పాడింది, సంతోషపడింది, అన్నీ చదివింది. నువ్వెందుకు పోవో నాకు తెలుసు అని ఆ రోజు అన్నది అందుకే, చదివి కూడా నన్ను కర్నూలుకు తీసుకుపోయింది.

కజ్జికాయా, నువ్వు కాస్త అవతలికి జరుగు. ఈ పేజీ నీది కాదు.

స్తుతీ, షాపు నుంచి వచ్చి బ్యాగు పెట్టగానే నువ్వు ఇది తీస్తావని నాకు ఇప్పుడు తెలుసు. అందుకే దాచకుండా పొయ్యి పక్కన పెట్టి పోతున్నాను. నేను చాంద్ బేగం ఇంట్లో ఉంటాను, నువ్వు పిలిచేదాకా రాను. నన్ను క్షమించమని అడగడం లేదు. తర్వాత తిడతా, శానా ఉండాది అన్నావు కదా. నా వీపు ఇప్పుడు గట్టిగా ఉంది, లోపల ఇనుము కూడా పెట్టారు, ఎంతైనా మోస్తుంది. కానీ అంత తిట్టాలంటే నీకు బలం కావాలి.

గిన్నెలో మజ్జిగన్నం కలిపి మూత పెట్టాను. ఉల్లిగడ్డ కోసి పక్కనే ఉంచాను. కడుపునిండా తినమ్మా.